ఎనిమిదో ఇన్నింగ్స్‌లో నోరు విప్పినందుకు

బెల్లమీలో మంగలి మైలో ఇప్పటికీ నా గడ్డం కింద కత్తి పెట్టి అదే మాట అంటాడు. "గస్, ఆ రోజు నువ్వు నోరు మూసుకుని ఉంటే డెల్బర్ట్ హానీకట్ పేరు ఈ ఊళ్ళో రాయి మీద చెక్కేవాళ్ళు కదయ్యా!" గొంతు మీద కత్తి ఉన్నప్పుడు మనిషి ఏమని జవాబు చెబుతాడు? ఊఁ అంటాను. పాతికేళ్ళుగా ఊఁ అంటూనే ఉన్నాను. విసుగొచ్చేసింది. పోయిన నెలలో డెల్ కూడా పోయాడు కాబట్టి ఇక దాచాల్సిన పని లేదు. ఇవాళ చెప్పేస్తాను, తర్వాత ఎవరేమనుకున్నా నాకనవసరం.

అయోవాలో నది పక్క ఊరు మాది. మా బేస్‌బాల్ జట్టు పేరు రివర్‌మెన్. పెద్ద లీగ్‌కి ఒక్క మెట్టు కింద ఆడేవాళ్ళం. ఆ ఒక్క మెట్టు ఎంత ఎత్తో దాని కింద నిలబడ్డవాడికే తెలుస్తుంది. పైకి వెళ్ళబోయే కుర్రాళ్ళు, పైనుంచి జారిపడ్డ ముసలాళ్ళు, ఎటూ కాని నాలాంటివాళ్ళు, అందరం ఒకే గదిలో చెమట బట్టలు మార్చుకునేవాళ్ళం. ఒక్కొక్కరికీ ఒక చెక్క అర. అర నెత్తిన తెల్లటి అంటుపట్టీ, దాని మీద నల్ల సిరాతో పేరు. పట్టీ ఉంటే జట్టులో ఉన్నట్టు, పీకేస్తే లేనట్టు. పొద్దున్నే గదిలోకి రాగానే ప్రతివాడూ ముందు తల పైకెత్తి తన పేరు చూసుకుని ఆ తర్వాతే చొక్కా విప్పేవాడు. చూసుకోలేదని ఎవడైనా అంటే అబద్ధం.

నేను క్యాచర్‌ని. బ్యాట్ పట్టుకున్నవాడి వెనక గొంతుక్కూర్చుని పిచర్ విసిరే బంతులన్నీ పట్టేవాణ్ణి. ఏ బంతి వెయ్యాలో కాళ్ళ సందున వేళ్ళతో సైగ చేసేదీ నేనే. ఒక వేలంటే వేగంగా నేరుగా వచ్చేది. రెండు వేళ్ళంటే మెల్లగా వచ్చి చివర్లో వంకర తిరిగి కిందికి దిగేది. పదమూడేళ్ళు అలా కూర్చుని లేచాను. ఇప్పుడు చర్చిలో మోకరిల్లమంటే పాస్టరుగారే వద్దులే గస్ అంటారు.

ఇక డెల్. 1979 నాటికి వాడికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. పద్దెనిమిదో ఏట కెంటకీలో పొగాకు చేలోంచి సరాసరి వచ్చి బంతి పట్టుకున్నాడు. అప్పట్లో వాడి నేరు బంతి కనిపించేది కాదట, చప్పుడు మాత్రం వినిపించేదట. రెండుసార్లు పెద్ద లీగ్‌కి ఎక్కాడు, రెండుసార్లూ దించేశారు. ఆ రెండూ కలిపితే ఒక వేసవిన్నర. మిగతా పద్దెనిమిదేళ్ళూ బస్సులే. మోచెయ్యి పాడయ్యాక వేగం పోయింది. ఆ తర్వాత మెల్లటి వంకర బంతి నేర్చుకుని, దాంతోనే కుర్రాళ్ళని ఏమార్చుకుంటూ నెట్టుకొచ్చాడు. బంతి వేసిన మర్నాడు వాడి కుడిచెయ్యి తల దాకా లేచేది కాదు. జుట్టు దువ్వేది, చొక్కా గుండీలు పెట్టేది వాడి భార్య లోరీనే.

ఆ ఏడు ఏప్రిల్‌లో మా బస్సు చెడిపోయి దున్నని చేను పక్కన మూడు గంటలు పడి ఉన్నాం. డెల్, నేనూ గట్టు మీద కూర్చున్నాం.

"గస్, నాకో మాటివ్వాలిరా."

"మోకాళ్ళు తప్ప ఏదైనా అడుగు. అవి నా దగ్గరే లేవు."

వాడు నవ్వలేదు. "కాన్సాస్‌లో ఒక ఊళ్ళో ఆడేటప్పుడు ఒకరోజు గదిలోకి వెళ్ళాను. అందరూ పేకాడుతున్నారు. ఒక్కడూ తలెత్తలేదు. నిన్న ఓడిపోయిన దిగులేమో అనుకున్నా. బల్ల మీద రొట్టె, మాంసం ముక్కలు పెట్టి ఉన్నాయి. ఆవాల ముద్ద రాసి శాండ్‌విచ్ చేసుకుని వాళ్ళ మధ్యలోనే కూర్చుని తిన్నా. జోకులు కూడా వేశా. ఎవడూ నవ్వడే! అరగంటయ్యాక బూట్ల కోసం నా అర దగ్గరికి వెళ్తే పైన పట్టీ లేదు. పీకేశారు. గదిలో పాతికమందికీ తెలుసురా. నాకు తప్ప."

"ఛీ, వెధవలు" అన్నాను.

"వెధవలేం కాదు. నేనైనా అంతే చేసేవాణ్ణి. ఏమని చెప్తాం? తీసేసినందుకు కాదురా నా బాధ. వాళ్ళందరి ముందూ ఆ శాండ్‌విచ్ తిన్నా చూడు, అదీ. ఇప్పటికీ ఆవాల ముద్ద వాసనొస్తే కడుపులో తిప్పుతుంది." మళ్ళీ తనే అన్నాడు. "ఇంకోసారి వస్తుంది. రాక తప్పదు. నీకు ముందు తెలిస్తే నాకు చెప్పెయ్. మేనేజరు నోటంట వినకముందు, ఆ పట్టీ పీకకముందు. నేను ఎక్కడున్నా, ఏం చేస్తున్నా సరే."

"చెప్తాను."

"ఒట్టు?"

"ఒట్టు. నేను చెప్పకుండా కడుపులో దాచుకున్న విషయం ఈ భూమ్మీద ఒక్కటి ఉందిట్రా?"

అప్పుడు నవ్వాడు. నాది అలాంటి నోరు మరి. మా జట్టులో నన్ను రేడియో అని పిలిచేవాళ్ళు, మీట తిప్పినా ఆగదని. బ్యాట్ పట్టుకుని వచ్చిన అవతలి జట్టువాడితో కూడా కబుర్లు పెట్టుకునేవాణ్ణి. వాడి పెళ్ళాం పిల్లలు, వాడి కుక్క, అన్నీ అడిగేవాణ్ణి.

ఆగస్టులో ఒక ఆదివారం. పొద్దున పదకొండింటికి మేనేజరు వెర్న్ స్టాడ్లర్ నన్ను తన గదిలోకి పిలిచాడు. ఆయన్ని మేమంతా స్కిప్పర్ అనేవాళ్ళం. కడుపులో పుండుతో ఎప్పుడు చూసినా పాలు తాగుతూ ఉండేవాడు.

"తలుపు వెయ్యి" అన్నాడు. వేశాను. "డెల్‌కి ఇవాళే ఆఖరు. పైనుంచి ఫోనొచ్చింది. కింద జట్టులోంచి ఎవడో కుర్రాణ్ణి పంపుతున్నారు. సాయంత్రం ఆరింటి బస్సుకి దిగుతాడు."

"మరి ఇవాళ వాడి చేత బంతి వేయించడం ఎందుకు?"

"వెయ్యడానికి ఇంకోడు లేడు కాబట్టి."

"ఇదంతా నాకెందుకు చెప్తున్నారు స్కిప్పర్?"

"వాడు తేలిపోతున్నాడంటే నువ్వు నా వైపు చూస్తావు, తీసెయ్యమని. ఇవాళ చూడకు. ఎన్ని పరుగులిచ్చినా తియ్యను. ఆఖరి ఆట, కడదాకా ఉండనీ." పాలు ఒక గుక్క తాగి మూతి తుడుచుకున్నాడు. "వాడికి మాత్రం చెప్పకు. ఆటయ్యాక నేనే చెప్తాను."

బయటికొచ్చేసరికి డెల్ తన అర ముందు కూర్చుని మోచేతికి ఘాటు మందు రాసుకుంటున్నాడు. నెత్తిన పట్టీ. హానీకట్.

"ఏమంటాడు ముసలాడు?" అని అడిగాడు.

ఒట్టు గుర్తుంది. గుర్తు లేదని అనను. కానీ ఇంకో రెండున్నర గంటల్లో బంతి వెయ్యాల్సినవాడికి ఆ మాట ఎలా చెప్పను? ఈ ఒక్క ఆటా ప్రశాంతంగా ఆడుకోనిద్దాం, అవగానే స్కిప్పర్ కంటే ముందు పరిగెత్తి చెప్పేద్దాం అనుకున్నాను.

"పాలు విరిగిపోయాయట" అన్నాను.

"పాపం" అన్నాడు డెల్, మందు రాసుకుంటూ.

ఒంటిగంటన్నరకి ఆట మొదలైంది. ఎండ పెనం మీద కూర్చోబెట్టినట్టుంది. ఇండియానా నుంచి వచ్చిన జట్టు. అందరూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాళ్ళు, బ్యాట్లు గిరగిరా తిప్పుకుంటూ వచ్చారు. నేను రెండు వేళ్ళు చూపిస్తాను, డెల్ మెల్లగా వేస్తాడు, వాళ్ళు ముందే ఊపేస్తారు, బంతి బ్యాట్ కొసకి తగిలి మా వాళ్ళ చేతుల్లో పడుతుంది. మళ్ళీ రెండు వేళ్ళు. మళ్ళీ అదే. వేగమంటూ ఏమీ లేదు, మా అమ్మమ్మ చెంబు విసిరినా అంతకంటే గట్టిగా వస్తుంది. అయినా ఆ రోజు వాడేం వేసినా అతికినట్టు పడింది.

ఆరో ఇన్నింగ్స్ అయ్యేసరికి బోర్డు మీద అవతలి జట్టు వరసలో హిట్ల గడి కింద, అంటే ఎవరికీ చిక్కకుండా కొట్టి పరుగెత్తిన బంతుల లెక్కలో, ఇంకా సున్నాయే ఉంది. తొమ్మిది ఇన్నింగ్స్ మొత్తం ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట ముగించడమంటే మాటలు కాదు. జీవితమంతా బంతి వేసినా ఎక్కువమందికి ఒక్కసారీ దక్కదు. ఇరవై ఏళ్ళలో డెల్‌కి దక్కలేదు.

అలాంటప్పుడు మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. ఆ పిచర్‌తో ఎవరూ మాట్లాడరు. వాడి పక్కన కూర్చోరు. వాడి వైపు చూడరు. ఆ సున్నా సంగతి పెదవి దాటిందంటే సున్నా పోయినట్టే లెక్క. బెంచీ మీద వాడొక్కడూ ఒక మూల, మిగతా జట్టంతా ఇంకో మూల. ఇంట్లో అంటురోగం వచ్చినవాణ్ణి కూడా అలా వెలివెయ్యరు.

నేనేనాడూ ఆ ఆచారాన్ని సరిగ్గా పాటించలేదు. సున్నా మాట ఎత్తను, అంతే. మిగతావన్నీ మాట్లాడతాను. మూడేళ్ళ కిందట డెల్ ఇలాగే ఏడో ఇన్నింగ్స్ దాకా లాక్కొస్తే, వాడి పక్కనే కూర్చుని మా అత్తగారి పన్ను నొప్పి కథ మొదట్నుంచీ చివరిదాకా చెప్పాను. అప్పుడు వాడు పొట్ట పట్టుకుని నవ్వి, వెళ్ళి హిట్ ఇచ్చాడు. అది వేరే సంగతి.

ఆ ఆదివారం మాత్రం నేను వెళ్ళి బెంచీకి ఆ చివర కూర్చున్నాను. ఏం మాట్లాడినా ఆ మాటే బయటికి తన్నుకొస్తుందని భయం. అయోవా ఎండలో కూర్చుని నాకు చలేసింది.

ఏడో ఇన్నింగ్స్ అయ్యాక ఉండబట్టలేక స్కిప్పర్ దగ్గరికి వెళ్ళాను.

"పైకి ఫోన్ చెయ్యండి" అన్నాను మెల్లగా.

"ఏమని?"

"చూస్తున్నారుగా."

"నోరెత్తకు!" అని కసిరాడు. ఆయనకీ ఆచారమే. తర్వాత నేల చూస్తూ గొణిగాడు. "కుర్రాడు బస్సెక్కేశాడు గస్. అది నా చేతిలో లేదు. పోయి కూర్చో."

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వాళ్ళని మళ్ళీ ముగ్గురికి ముగ్గురినీ పంపించేశాం. మా వాళ్ళు బ్యాటింగ్‌కి వెళ్ళారు. మాకు రెండు పరుగులున్నాయి, వాళ్ళకి సున్నా. డెల్ తన మూలలోంచి లేచాడు. బెంచీ పొడుగునా నడుచుకుంటూ వచ్చాడు. వాడు వస్తుంటే మా వాళ్ళు ఒక్కొక్కరే జరిగిపోయారు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"వీళ్ళంతా నోరు కట్టేసుకున్నారంటే అదేదో బోర్డు మీద ఉంది కాబట్టి. నువ్వెందుకు కట్టేసుకున్నావ్?"

నేను ముఖానికి పెట్టుకునే ఇనపచువ్వల ముసుగు పట్టీలు సర్దుకుంటున్నాను.

"ఏరా, మీ అత్తగారి పళ్ళన్నీ ఊడిపోయాయా?"

సర్దుకుంటూనే ఉన్నాను.

"గస్, ఇటు చూడు."

చూడలేకపోయాను.

అప్పుడు వాడు చాలా నెమ్మదిగా అడిగాడు. "ఇది కాన్సాస్‌లో లాంటిదేనా?"

దేవుడా! ఇంకొక్క ఇన్నింగ్స్. ఇంకో ముగ్గుర్ని పంపేస్తే చాలు. కాదురా, ఆ సున్నా చూసి కంగారుగా ఉంది అంటే నమ్మేవాడే. నమ్మి వెళ్ళి బంతి వేసేవాడు. ఆ అబద్ధం నాలిక చివరి దాకా వచ్చింది కూడా. కానీ వాడు అడిగింది మామూలు మాట కాదు. నన్ను కూడా ఆ పేకాట బల్ల దగ్గర కూర్చోబెట్టి అడిగాడు.

"అవును" అన్నాను. "ఇవాళే. ఆటయ్యాక చెప్తాడట."

డెల్ మైదానం వైపు చూస్తూ కూర్చున్నాడు. మా వాడెవడో బంతిని గాల్లోకి లేపి అవుటయ్యాడు.

"నీకెప్పుడు తెలుసు?"

"పొద్దున పదకొండింటికి."

బోర్డు మీది గడియారం చూశాడు. నాలుగు కావస్తోంది. "ఐదు గంటలు" అన్నాడు. తర్వాత, "అయితే పాలు విరగలేదన్నమాట" అన్నాడు.

తిడితే బాగుండేది. చెంప పగలగొట్టినా బాగుండేది. చేతిలో బంతిని అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చున్నాడు, అంతే. అవతల మా సెకండ్ బేస్ ఆటగాడు లెనీ డ్రోజ్డ్ కళ్ళెర్రజేసి పళ్ళ మధ్యనుంచి బుసకొట్టాడు. "రేడియోగాడు మాట్లాడుతున్నాడు! ఎవరైనా వాడి నోట్లో గుడ్డ కుక్కండ్రా!"

తొమ్మిదో ఇన్నింగ్స్‌కి వెళ్ళాం. స్టాండ్స్‌లో నాలుగు వేలమంది లేచి నిలబడ్డారు. మొదటివాడు పైకి లేపాడు, అవుట్. రెండోవాడు నేల మీద దొర్లించాడు, లెనీ పట్టి విసిరాడు, అవుట్. ఇంక ఒక్కడు.

వచ్చినవాడు బర్ల్ టేట్. ఇరవై రెండేళ్ళు, చెట్టంత మనిషి. ఆ రోజంతా డెల్ వంకర బంతికి బోర్లాపడుతూనే ఉన్నాడు. రెండు వేళ్ళు చూపించాను. డెల్ అడ్డంగా తలూపాడు. సరిగ్గా కనబడలేదేమోనని మళ్ళీ రెండు వేళ్ళు చూపించాను. మళ్ళీ అడ్డంగా ఊపాడు. ముసుగు పైకెత్తుకుని, వాడు నిలబడి బంతి వేసే మట్టిదిబ్బ మీదికి వెళ్ళాను. జనం గోల, పక్కపక్కన నిలబడి అరుచుకోవాల్సి వచ్చింది.

"ఏం కావాల్రా నీకు?"

"ఒక వేలు."

"నీ నేరు బంతా? అది కిటికీ అద్దం కూడా పగలగొట్టదు."

"తెలుసు."

"వాడు దానికోసమే పుట్టాడు. ఊరవతల పారేస్తాడు."

"పారెయ్యనీ." టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. ఆ క్షణంలో వాడి ముఖం చూస్తే ఎన్ని బస్సుల అలసటో అంతా అక్కడే కనిపించింది. "ఆరేళ్ళ నుంచి ఈ పిల్లల్ని మోసం చేస్తూ బతుకుతున్నాన్రా. మెల్లగా, ఇంకా మెల్లగా. ఒళ్ళు విసిగిపోయింది. నేను బంతి వెయ్యడానికి వచ్చింది ఇందుక్కాదు. చేతిలో ఉన్నదంతా పెట్టి నేరుగా ఒకటి వేస్తా. ఇంక వెయ్యడానికి రేపు లేదుగా."

"సున్నా పోతుంది డెల్." ఆ మాట ఎత్తకూడదు. ఎత్తేశాను. నోరు విప్పాక ఇంక ఎంత విప్పితేనేం?

"పోతే పోయింది. దాన్ని తీసుకెళ్ళి రేపు ఎక్కడ తగిలించుకోను? పో, కూర్చో. ఒక వేలు చూపించు."

వెళ్ళి గొంతుక్కూర్చున్నాను. ఒక వేలు చూపించాను.

మొదటిది వచ్చి నా గ్లవ్‌లో పడ్డ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. అంత గట్టి చప్పుడు వాడి చేతినుంచి నేనెప్పుడూ వినలేదు. టేట్ ఆలస్యంగా ఊపి తూలాడు. రెండోది బ్యాట్‌ని రాసుకుని వెనక వలలోకి పోయింది. అదీ తప్పిందనే లెక్క, మూడోది కూడా తప్పితే అవుట్. టేట్ నావైపు తిరిగి, "ఇన్నాళ్ళూ దీన్నెక్కడ దాచాడు మీ తాత?" అన్నాడు. మూడోది వేసేటప్పుడు డెల్ మూలిగిన మూలుగు అరవై అడుగుల దూరానికి నాకు వినిపించింది. ఒకవేళ, ఒకవేళ అని గ్లవ్ తెరిచి పట్టుకున్నాను. టేట్ దాన్ని నడిమధ్య కొట్టాడు. బంతి లెనీ తల మీదుగా వెళ్ళి అవతల గడ్డిలో పడింది.

నాలుగు వేలమంది ఒక్కసారి హా అని ఊపిరి వదిలారు. బోర్డు మీద సున్నా పోయి ఒకటి వచ్చింది. డెల్ ఏం చేశాడో తెలుసా? నవ్వాడు. కుడి మోచెయ్యి పట్టుకుని, నొప్పికి ముఖం చిట్లించుకుంటూనే నవ్వాడు. తర్వాతివాడికి రెండు వేళ్ళు చూపిస్తే బుద్ధిగా తలూపి వేశాడు. వాడు పైకి లేపాడు, నేనే కింద నిలబడి పట్టుకున్నాను. రెండు సున్నాతో గెలిచాం. జనం చప్పట్లు కొట్టారు.

గదిలోకి వెళ్ళగానే నా మీద పడ్డారు.

"ఒక్కరోజు, ఒక్క ఇన్నింగ్స్ మూసుకుని ఉండలేవా?" లెనీ గ్లవ్ నేలకేసి కొట్టాడు. "బెంచీ మీద మాట్లాడావు, చాలదా? దిబ్బ మీదికి పోయి మళ్ళీ మాట్లాడతావా?"

"ఇరవై ఏళ్ళకి ఒకసారి వచ్చింది మనిషికి. తినేశావు కదరా!" అని ఇంకొకడు.

నేను షూ లేసులు విప్పుకుంటున్నాను. అప్పుడు డెల్ లోపలికొచ్చాడు. అందరూ ఆగారు. తిన్నగా తన అర దగ్గరికి నడిచాడు. కుడిచెయ్యి లేవలేదు. ఎడమచెయ్యి ఎత్తి, గోరుతో పట్టీ కొస లేపి, నెమ్మదిగా పీకాడు. ఆ అంటుజిగురు చర్రుమన్న చప్పుడు గదంతా వినిపించింది. దాన్ని ఉండగా చుట్టి బుట్టలో పడేసి, స్టూలు లాక్కుని కూర్చుని, బూట్లు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

లెనీ నావైపు చూశాడు. తర్వాత నేలవైపు చూశాడు.

ఇంతలో గది చూసుకునే ముసలి ఓటిస్ తలుపు దగ్గరికొచ్చి దగ్గాడు. పట్టీలు పీకే పనీ, స్కిప్పర్ కబురు తెచ్చే పనీ పాపం ఆయనదే. "డెల్, స్కిప్పర్ నిన్ను..." అని మొదలుపెట్టి, ఖాళీగా ఉన్న అర చూసి ఆగిపోయాడు.

"తెలుసు ఓటిస్" అన్నాడు డెల్. "వస్తున్నానని చెప్పు."

ఆ మాట అనేటప్పుడు వాడి గొంతు విని ఉండాల్సింది మీరు.

అరగంట తర్వాత బయట కార్ల దగ్గర కలిశాం. లోరీన్ స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది, కళ్ళు వాచి ఉన్నాయి. డెల్ మోచేతికి ఐసు సంచి కట్టుకుని కారుకి ఆనుకున్నాడు.

"స్కిప్పర్ ఏమన్నాడో తెలుసా? ఆ సున్నా నిలబడి ఉంటే పైకి ఫోన్ చేసేవాణ్ణి, ఏమో, ఉంచేవాళ్ళేమో అన్నాడు."

"నాతో అలా అనలేదే! నిజంగా చేసేవాడంటావా?"

"ఏమో. ఇప్పుడనడం తేలికేగా."

"డెల్, నేను నోరు మూసుకుని ఉంటే..."

"ఉంటే, నువ్వు రెండు వేళ్ళు చూపించేవాడివి. నేను వేసేవాణ్ణి. టేట్‌గాడు బోర్లాపడేవాడు. నువ్వు పరిగెత్తుకొచ్చి నన్నెత్తుకునేవాడివి. పేపరువాడు ఫోటో తీసేవాడు. లోరీన్ దాన్ని హాల్లో గోడకి కట్టేది. చచ్చేదాకా రోజూ దాన్ని చూస్తూ, ఈ ఎత్తుకున్న వెధవకి కూడా తెలుసు, నాకొక్కడికే తెలీదు అనుకునేవాణ్ణి." ఐసు సంచి సర్దుకున్నాడు. "అది ఇంకో శాండ్‌విచ్ అయ్యేదిరా."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

"ఒకటి మాత్రం ఉంది" అన్నాడు. "పదకొండింటికే చెప్పాల్సింది."

"చెప్తే ఏం చేసేవాడివి?"

"మొదట్నుంచీ నేరు బంతులే వేసేవాణ్ణి."

"మొదటి ఇన్నింగ్స్‌లోనే చితక్కొట్టేవాళ్ళు నిన్ను."

"చితక్కొట్టేవాళ్ళే" అని ఒప్పుకున్నాడు. "మన వాళ్ళకి చెప్పనా, నేనే కావాలని వేశానని? నిన్ను ఊరికే ఆడిపోసుకుంటున్నారు."

వద్దన్నాను. కావాలని పారేసుకున్నాడంటే ఊరు వాణ్ణి క్షమించదు. గస్‌గాడి నోటిదురద అంటే నన్ను తిట్టుకుంటూనైనా గడ్డం గీస్తారు. డెల్ ఎడమచెయ్యి చాపాడు, నేనూ ఎడమచెయ్యే ఇచ్చాను. కారు వెళ్ళిపోయింది. ఆరింటికి ఆ కుర్రాడు బస్సు దిగాడు.

మరుసటి ఏడు జూన్‌లో నా వంతు వచ్చింది. ఆ రోజు మోకాళ్ళు మరీ పట్టేసి కుంటుకుంటూ గదిలోకి వెళ్ళాను. నొప్పి ధ్యాసలో, పదమూడేళ్ళలో మొదటిసారి, తలెత్తి పైకి చూసుకోలేదు. మా వాళ్ళు పేకాడుతున్నారు. లెనీ కూడా ఉన్నాడు. ఎవరూ తలెత్తలేదు. అంతకుముందు రోజు ఓడిపోయాం, ఆ దిగులేమో అనుకున్నాను. బల్ల దగ్గరికి వెళ్ళి శాండ్‌విచ్ చేసుకుని వాళ్ళ మధ్య కూర్చున్నాను. మా అత్తగారి కొత్త పళ్ళ సెట్టు గురించి చెప్పడం మొదలుపెట్టాను. మంచి కథ అది. చివరిదాకా చెప్పాను. తింటూ తింటూ, ఆవాల ముద్ద తక్కువ వేశారని కూడా అన్నాను.

అప్పుడు ఓటిస్ తలుపు దగ్గరికొచ్చి దగ్గాడు. "గస్, స్కిప్పర్ నిన్ను పిలుస్తున్నాడు."

తెలుసు ఓటిస్ అందామనుకున్నాను. నోట్లో ముద్ద ఉంది. నాకు తెలియదు.